నీలం ట్రేలో యుద్ధ ట్యాంకు

ఆ ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది. ముందు పొయ్యి మీద పెద్ద గిన్నె పెట్టి, నీళ్ళు మరిగాక నీలం ట్రేలో ఉన్నది అందులో వేయాలి. తర్వాత వంట చేయాలి. ఆ తర్వాత ముందుగది తుడిచి, మధ్యాహ్నం రాబోయే నాన్న కోసం కిటికీ పక్కన కుర్చీ వేయాలి. ఇవన్నీ అయ్యాక కాసేపు కూర్చోవాలి. ఆ చివరిది ఆమె రోజూ అనుకునేదే, ఏ రోజూ జరగనిదే.

ఆమె భర్త కట్టుడుపళ్ళు చేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని మేస్త్రి అంటారు. దంతవైద్యులు నోటి అచ్చులు పంపిస్తే, ఆయన వాటి మీద పళ్ళు నిలబెట్టి, ఇత్తడి డబ్బాలో ప్లాస్టర్ పోసి, గులాబీ రంగు పొడిని మందుతో పిసికిన ముద్దను చిగుళ్ళ చోట కూరి, డబ్బాను బిగిస్తాడు. దానికి తడిగుడ్డ చుట్టి వంటింటి గడప పక్కన నీలం ట్రేలో పెడతాడు. పొద్దున లేవగానే ఇల్లాలు దాన్ని గుడ్డతో సహా మరిగే నీళ్ళలో వేస్తుంది. గుడ్డ ఉంటే డబ్బా గిన్నెకు కొట్టుకుని చప్పుడు చేయదు. లోపలి ముద్ద ఉడికి రాయిలా గట్టిపడుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకటికి రెండుసార్లు అడిగి చేసిన ఈ పనిని ఇప్పుడు చేతులే చేసుకుపోతాయి. కళ్ళు నిద్ర లేవకపోయినా ఫరవాలేదు.

మేస్త్రి పనికి ఇల్లాలు మరో విధంగానూ అవసరం. ఆయనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. చిగుళ్ళ రంగు కలిపేది, సరిపోయిందో లేదో చూసేది ఆమే. ఈ సంగతి ఆ ఇంటి గడప దాటలేదు. ఊళ్ళో సగం మంది నవ్వు తన కళ్ళ మీద ఆధారపడి ఉందని ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకునే తీరిక ఉంటే ఆ తీరికలో పడుకునేది.

ఈ ఏడాది కట్టుడుపళ్ళకు తోడు ఒక ట్యాంకు వచ్చి పడింది.

ఇల్లాలి నాన్న ఒకప్పుడు యుద్ధంలో ట్యాంకు నడిపాడు. ఇంట్లో అందరికీ తెలిసిన గొప్ప అది. పిల్లనిచ్చిన నాటి నుంచి ఆయన అల్లుడి పనిని "పుర్రెల కొట్టు" అనే అనేవాడు. ఆ కొట్లో ఏనాడూ ఏదీ అడిగి ఎరగడు. అలాంటి మనిషి, కంటి డాక్టరు ఇక చూపు ఎక్కువకాలం నిలవదని చెప్పిన వారం, మెల్లగా నడుచుకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"అల్లుడూ, పూర్తిగా చీకటి పడకముందు ఆ బండిని ఒక్కసారి చూడాలనుంది. అసలైనవన్నీ ఎప్పుడో తుక్కులో కరిగిపోయాయి. నీ చేతిలో పనితనం ఉంది కదా. చిన్నది ఒకటి చెయ్యగలవా?"

"చేస్తాను మామయ్యగారూ."

"చేస్తే సరిగ్గా చెయ్యాలి. ఒక్కటి తేడా వచ్చినా అది ఆ బండి కాదు."

చేతిలో పనితనం ఉందన్న మాట మేస్త్రి మామగారి నోట వినడం అదే మొదటిసారి. ఆ ఒక్క మాటకు ఏడాది ఆదివారాలు సమర్పించుకున్నాడు. అసలు ట్యాంకులో పదహారో వంతు కొలతలు వేసుకుని, ప్లాస్టిక్ రేకులు కోసి, పళ్ళు అరిగించే పనిముట్లతో మేకు తలలు కూడా చెక్కాడు. బరువు కూడా లెక్కలో ఉండాలని, ఇనుము మందంగా ఉండే ముందుభాగంలో ప్లాస్టర్ నింపాడు. రంగు ఇల్లాలు కలిపింది, ఎండిపోతున్న గడ్డిలాంటి ఆకుపచ్చ.

వచ్చిన చిక్కల్లా సరిగ్గా ఉండటంలోనే వచ్చింది. కొలతల కోసం తెచ్చుకున్న పుస్తకంలో బొమ్మ ఒకటి చెప్పేది, పూర్తయ్యాకే చూస్తానంటూ ప్రతి ఆదివారం వచ్చే మామగారు మరొకటి చెప్పేవాడు.

"ముందు దీపం కుడిపక్కన ఉండేది," అంటాడు ఒక వారం. మేస్త్రి పీకి కుడిపక్కన పెడతాడు.

"దీపం ఎడమపక్క కదూ ఉండాల్సింది?" అంటాడు పై వారం.

"పోయిన ఆదివారం మీరే కుడి అన్నారు మామయ్యగారూ."

"యుద్ధం కదయ్యా. మార్చి ఉంటారు."

అలా ఆ దీపం ఆ ట్యాంకు ముఖం చుట్టూ ప్రదక్షిణం చేసింది. ఫిరంగి గొట్టం పొడుగయింది, పొట్టిదయింది, మళ్ళీ పొడుగయింది. విచిత్రమేమిటంటే, వెనకభాగం దగ్గర మాత్రం ముసలాయన ఒక్కసారి కూడా మాట మార్చలేదు. పొగగొట్టం మూత మీద సొట్ట, తాడుతో కట్టిన రెండు బకెట్లు, వాటి మధ్య వేలాడే టీ కెటిల్, దాని విరిగిన ముక్కు, సుద్దతో గీసిన కుందేలు, దానికి ఒకటే చెవి. అడగ్గానే కళ్ళు మూసుకుని చెప్పేవాడు. వెనకభాగం ఒకే ఆదివారంలో పూర్తయింది. ముందుభాగం మిగతా ఏడాదంతా తినేసింది.

నిన్న అక్క వచ్చి చెప్పింది. నాన్న ఉండేది రెండు వీధుల అవతల, అక్క ఇంట్లోనే. "నాన్న పొద్దున గ్లాసు పక్కన గాలిని పట్టుకున్నారే. ఇంక ఆలస్యం చెయ్యకండి. రేపు మధ్యాహ్నం తీసుకొస్తా, వెలుగు బాగా ఉంటుంది."

మేస్త్రి ఆదరాబాదరాగా చివరి మెరుగులు దిద్దాడు. అదే సమయంలో పాటల మాస్టారి పళ్ళు కూడా మీద పడ్డాయి. మర్నాడు సాయంత్రం ఆయన కచేరీ. ముద్ద కూరడం ఒక్కటే మిగిలిన ఆ డబ్బా, దాని సరంజామా బల్లంతా పరుచుకున్నాయి. ట్యాంకుకు చోటు లేదు. దుమ్ము పడకుండా తుండుగుడ్డ చుట్టి, పొద్దున్నే ముందుగదిలోకి తీసుకెళ్దామని మేస్త్రి దాన్ని కనిపించిన ఖాళీ చోట పెట్టి పడుకున్నాడు. ఆ ఖాళీ చోటు నీలం ట్రే.

పొద్దున ఇల్లాలు చూస్తే మూట మామూలు కన్నా పెద్దగా ఉంది. పాపం, ఎవరిదో పెద్ద నోరు అనుకుంది. రెండు చేతులా ఎత్తి నీళ్ళలోకి దించింది. బరువు ఉన్న వైపు బుడుంగుమని మునిగింది. రెండో వైపు గిన్నె అంచు మీద ఆనుకుని పైకి లేచింది. మూత పెట్టి చూసింది, కుదరలేదు. సరే కానిమ్మని కూరగాయలు ముందేసుకుంది.

మేస్త్రి కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ట్యాంకును ముందుగదిలోకి తీసుకెళ్ళావా?"

"నేనెందుకు తీసుకెళ్తాను? మీ ట్యాంకు జోలికి నేను రాను."

"మరి ట్రేలో లేదే."

"ట్రేలోది ఉడుకుతోంది."

"ఏది? మాస్టారి పళ్ళు బల్ల మీదే ఉన్నాయి."

ఇద్దరూ పొయ్యి వైపు తిరిగారు. గుడ్డ కొస జారింది. ఆవిరిలోంచి రెండు బకెట్లు, ఒక కెటిల్, ఒంటిచెవి కుందేలు బయటికి చూస్తున్నాయి.

మేస్త్రి పట్టకారుతో లాగేసరికి జరగాల్సింది జరిగిపోయింది. మునిగిన మేరకు ప్లాస్టిక్ మెత్తబడింది. పైన తిరిగే బురుజు ఎవరో కూర్చున్న టోపీలా అణిగిపోయింది. ఫిరంగి గొట్టం నేలచూపులు చూస్తోంది. ఏడాదంతా చోటు కోసం తిరిగిన దీపం ఎక్కడా లేదు. గిన్నె అడుగున ఉంది.

"నన్ను తిట్టండి," అంది ఇల్లాలు.

"ఓపిక లేదు," అన్నాడు మేస్త్రి.

ఇల్లాలు గరిటెతో గిన్నె అడుగు నుంచి దీపాన్ని పైకి తీసింది.

"ఆయన ఇంకోసారి చూడగలరో లేదో," అంది ఆమె. "ఇవాళ కాకపోతే ఇక చేతితో తడుముకోవడమే."

"ఫిరంగి ఒక్కటి నిటారుగా ఉంటే చాలు," అన్నాడు మేస్త్రి. "మసక కళ్ళకు మిగతాది తెలియకపోవచ్చు. మధ్యాహ్నం దాకా సమయం ఉంది. గొట్టం అచ్చు దాచాను."

ప్లాస్టిక్ రేకులు అయిపోయాయి. ఇంట్లో ఉన్నది చిగుళ్ళ పొడి. ఇల్లాలు రెండు గాజు కప్పులు తీసింది. ఒకదాంట్లో మాస్టారి చిగుళ్ళకు గులాబీ ముద్ద కలిపింది. రెండోదాంట్లో ఇంకా రంగు కలపని తెల్ల పొడి వేసి, సీసాలో అడుగున మిగిలిన ఆకుపచ్చ రంగంతా వంచేసి, ఫిరంగికి ముద్ద కలిపింది.

"కుడిచేతి వైపుది మాస్టారికి. ఎడమచేతి వైపుది ఫిరంగికి. గుర్తుంటుందా?"

"ఇన్నేళ్ళూ నువ్వు పెట్టిన చోటి నుంచే కదా తీసుకుంటున్నాను."

ఆ మాటలో నిజం ఉంది కాబట్టి వీధి తలుపు చప్పుడైతే ఆమె నిశ్చింతగా తీయడానికి వెళ్ళింది. వీధిగుమ్మంలో పాటల మాస్టారు ఉన్నాడు. బోసినోటితో, శాలువాతో, సాయంత్రం రావాల్సిన కంగారంతా పొద్దున్నే మోసుకొచ్చాడు.

"అమ్మా, పళ్ళు సిద్ధమేనా? రాత్రంతా నిద్ర లేదు. పాట గాలికి పోతోందమ్మా, ఆపడానికి పళ్ళు లేక."

"కూర్చోండి మాస్టారూ. అవుతున్నాయి."

ఆమె మాస్టారికి మంచినీళ్ళు ఇస్తుండగా, పెరటి వైపు నుంచి అక్క దిగింది. నాన్నని తీసుకొచ్చే ముందు ఇల్లు ఎలా ఉందో చూసి పోదామని ఆవిడ రాక. అక్కకు దుమ్ము కనిపిస్తే పగవాడు కనిపించినట్టే. మేస్త్రి బల్ల చూడగానే చీర కొంగు బిగించింది.

"ఇదేం బల్ల మరిదిగారూ! ఇలాంటి చోట చేసినవా జనం నోట్లో పెట్టుకుంటున్నారు?"

"వదినగారూ, అక్కడేమీ కదపకండి."

"నేనెందుకు కదుపుతాను? తుడుస్తానంతే. ఎక్కడివి అక్కడే పెడతాను."

మేస్త్రి అచ్చుకు నూనె రాయడానికి అటు తిరిగాడు. అక్క కప్పులు ఎత్తింది, బల్లను అద్దంలా తుడిచింది, కప్పులు తిరిగి దించింది. ఎత్తింది బల్లకు ఇవతలి పక్క నిలబడి, దించింది తుడుచుకుంటూ అవతలి పక్కకు చేరాక. ఆవిడ కుడి ఆయనకు ఎడమ.

"చూశారా, ఎంత హాయిగా ఉందో! వెళ్ళి నాన్నని తీసుకొస్తా," అని అక్క వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మేస్త్రి కుడివైపు కప్పు తీసుకున్నాడు. మాస్టారి డబ్బాలో శ్రద్ధగా కూరాడు. ఎడమవైపుది ఫిరంగి అచ్చులో కూరాడు. రెండూ బిగించి, గుడ్డలు చుట్టి, తనే తీసుకెళ్ళి గిన్నెలో వేశాడు. నీలం ట్రేను నమ్మే స్థితిలో లేడు.

ఇల్లాలు వంట చేసింది, గది తుడిచింది, కుర్చీ వేసింది, మాస్టారి గత కచేరీల వైభవం మొత్తం విన్నది. ఇంతలో డబ్బాలు ఉడికి, చల్లారి, తెరుచుకున్నాయి. మేస్త్రి పళ్ళను అరగదీసి తళతళలాడించాడు. అంత నునుపైన పని తన చేతి మీదుగా ఈ మధ్య జరగలేదు. ఆ సంబరంలో ఇల్లాలికి చూపించాలన్న అలవాటు కూడా తప్పింది. మాస్టారు ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేసి, నోట్లో అమర్చుకుని, ఒక రాగం తీశాడు.

"ఆహా! అచ్చం నా పళ్ళేనయ్యా! పుట్టుకతో వచ్చినట్టున్నాయి!"

శాలువా సర్దుకుని, వీధిలో పాడుకుంటూ వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఫిరంగి గొట్టం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"రంగు సరిపోయిందా చూడు."

ఇల్లాలు చూసింది. గరిటె కింద పెట్టింది.

"ఏమండీ. ఇది చిగుళ్ళ రంగులో ఉంది."

"ఫిరంగా?"

"ఫిరంగే."

"మరి మాస్టారివి?"

ఇద్దరూ గుమ్మంలోకి పరుగెత్తారు. మాస్టారు మలుపు తిరిగిపోయాడు. ఆ మలుపులోంచే అక్క, ఆమె చెయ్యి పట్టుకుని నాన్న, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నారు.

ఆకుపచ్చ రంగు చుక్క మిగల్లేదు. ఉన్నదంతా మాస్టారి నోట్లో ఉంది. మేస్త్రి గులాబీ ఫిరంగినే అతికించాడు. పళ్ళు అన్నివైపులా చూసుకోవడానికి వాడే తిరుగుడు పీట మీద ట్యాంకును పెట్టి, వెనకభాగం కుర్చీ వైపు, ముఖం గోడ వైపు తిప్పాడు. ఇల్లాలు ఆ ముఖం మీద కర్టెన్ కొస లాగింది. అలసిపోయిన దంపతులకు అబద్ధం కూడా ఇంటిపనే, చెరో పక్క పట్టుకుని మోస్తారు.

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. ముందుకు వంగాడు. ముక్కు కెటిల్‌కు తగిలేంత దగ్గరగా వంగాడు.

"ఇదే," అన్నాడు.

వేలితో బకెట్ల అంచు తడిమాడు. పొగగొట్టం మీద సొట్టను తడిమాడు. "కుందేలు కూడా వేశావా? ఒక చెవి మా వంటవాడు వంటకు పిలుపు వచ్చి మధ్యలో వదిలేశాడయ్యా. ఇదిగో, ఈ కెటిల్. ఇది ఇలాగే ఊగేది. దీని ఊపు ఆగిందంటే నేను బ్రేకు వేసేవాణ్ణి." కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "అల్లుడూ, నీది పుర్రెల కొట్టు కాదయ్యా."

మేస్త్రి ఏం చేయాలో తెలియక గోడ వైపు చూశాడు. ఇల్లాలు భర్త చొక్కా చెయ్యి పట్టుకుంది. ఇక్కడితో ఆగిపోతే బాగుండునని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది.

అప్పుడే వీధి తలుపు దబ్బున తెరుచుకుంది. పాటల మాస్టారు గుమ్మంలో నిలబడ్డాడు. దారిలో ఎవరో అద్దం చూపించారు కాబోలు.

"మేస్త్రీ!" అని నోరు బార్లా తెరిచాడు. "ఇదేమిటయ్యా నా నోట్లో? నేను పాడాలా, మెయ్యాలా?"

పైన పళ్ళు, కింద పళ్ళు, వాటి వెనక ఎండిపోతున్న గడ్డి. అక్క కెవ్వుమంది. కెవ్వుమంటూ వెనక్కి జరిగింది. జరగడంలో మోచెయ్యి పీటకు తగిలింది. పీట తన పని తాను చేసింది. కర్టెన్ జారిపోయింది, ట్యాంకు తీరుబడిగా తిరిగి, అణిగిన బురుజుతో, గులాబీ రంగు ఫిరంగితో ముసలాయన ఎదురుగా నిలబడింది.

మాస్టారు నోరు మూశాడు. అది అందరికీ మంచిదయింది.

నాన్న చాలాసేపు చూశాడు. ఇటు వంగి చూశాడు, అటు వంగి చూశాడు.

"ముందు ఇలా ఉండేదా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"నాన్నా!" అంది అక్క. "నడిపింది మీరు. మమ్మల్ని అడుగుతారేం?"

"ట్యాంకునా? నేనెందుకు నడుపుతానే? నాది దాని వెనక లారీ. రొట్టెల లారీ. యుద్ధమంతా దీని వెనకే. ముందుకెళ్ళి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. అటు కాలుస్తున్నారు."

అక్క గోడకు ఆనుకుంది. "బడిలో అందరికీ చెప్పుకున్నాం! నా పెళ్ళిలో కూడా చెప్పారు!"

"మీ అమ్మ మొదలుపెట్టింది. మొదటిసారి నలుగురిలో అలా చెప్పేసింది. అంతమంది ముందు ఆవిడ మాట కాదనడం ఎందుకని ఊరుకున్నాను. తర్వాత నన్నెవరూ అడగలేదు. అందరూ నాకే చెప్పేవారు."

మేస్త్రి ముందుకు జరిగాడు. "మరి ముందు దీపం కుడిపక్క అన్నారు కదా మామయ్యగారూ. తర్వాత ఎడమ అన్నారు."

"నువ్వు అడిగేవాడివి. ఏదో ఒకటి చెప్పాలిగా. పాపం, అంత ఓపిగ్గా చేస్తున్నావు."

మేస్త్రి నెమ్మదిగా నేల మీద కూలబడ్డాడు. భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తున్నాడేమోనని ఇల్లాలు కంగారుగా వంగి చూసింది. నవ్వుతున్నాడు. ఆమె కూడా పక్కనే చతికిలబడింది. తెల్లవారుజామునే అనుకున్న నాలుగో పని అలా పూర్తయింది.

"ఫిరంగి ఏ రంగమ్మా?" అడిగాడు నాన్న.

"గులాబీ నాన్నా," అంది ఆమె. దాచే ఓపిక లేదు.

"బాగుంది. ముందు నుంచి చూస్తే ఇంత చక్కగా ఉంటుందని అప్పుడే తెలిస్తే అంత భయపడేవాణ్ణి కాదు."

పాటల మాస్టారికి సాయంత్రంలోగా వేరే పళ్ళు చేసే దారి లేదు. ఆయన ఆ పళ్ళతోనే వేదిక ఎక్కాడు. పెదవులు విప్పీ విప్పకుండా కచేరీ అంతా నడిపించాడు. ఇన్నాళ్ళకు మాస్టారి గానంలో నిగ్రహం వచ్చిందని పెద్దలందరూ మెచ్చుకున్నారు. కొత్త పళ్ళు సిద్ధమయ్యాక కూడా ఆయన వాటిని తీసుకెళ్ళడానికి తొందరపడలేదు.

తర్వాతి ఆదివారం నాన్న మళ్ళీ వచ్చాడు. చూపు ఇంకాస్త తగ్గింది. ట్యాంకును ఒళ్ళో పెట్టించుకుని, వేలితో కెటిల్‌ను ఊపుతూ, దాని చిన్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. మేస్త్రి ఎదురుగా కూర్చుని ఎవరివో పళ్ళు అరగదీస్తున్నాడు.

"అల్లుడూ," అన్నాడు ముసలాయన కాసేపటికి. "ఆ రొట్టెల లారీ కూడా ఒకటి చెయ్యకూడదూ? వేళ్ళతో చూసుకుంటాను. స్టీరింగూ, సీటూ నాకు బాగా గుర్తు. బయట ఎలా ఉండేదంటావా, సరిగ్గా చెప్పలేను. ఎప్పుడూ లోపలే ఉన్నాను కదా."

ఇల్లాలు లేచి, నీలం ట్రేను అటక ఎక్కించింది.